ఐదడుగుల వాలు

సిమెంటు బిగుసుకోకముందే తాడు వెయ్యాలి. మరీ పచ్చిగా ఉంటే తాడు మునిగిపోతుంది, ఆరిపోతే అచ్చు పడదు. ఈ రెంటికీ మధ్య ఓ పావుగంట ఉంటుంది. ఆ పావుగంటని జోగులు గడియారం చూసి కాదు, బొటనవేలు ఆనించి పట్టుకుంటాడు. వేలు తీస్తే గుంట మిగలాలి, వేలికి మాత్రం తడి అంటకూడదు.

ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి నర్సీపట్నం పెదబొడ్డేపల్లిలో మన్మథరావు మాస్టారి ఇంటి ముందు గొంతుక్కూర్చుని అతను ఆ పనే చేస్తున్నాడు. యాభై రెండేళ్ల మనిషి. మోకాళ్ల కింద ఎన్ని స్నానాలు చేసినా వదలని బూడిదరంగు పూత ఉంది. కుడిచేతి చూపుడువేలి గోరు సున్నం తినేసి సగమే మిగిలింది. తలకి చుట్టిన తువ్వాలు ఒకప్పుడు ఎర్రటిది. మేడలు లేపే మేస్త్రి కాడు జోగులు. మేడ కట్టడం అయిపోయాక ఇంటివాళ్లకి గుర్తొచ్చే చిన్నచిన్న పనుల మేస్త్రి. బట్టలుతికే గట్టు, బాత్రూం గడప, పెరట్లో అంట్ల చప్టా. అన్నిటికంటే ఎక్కువగా, వీధి గుమ్మం ముందు బండి ఎక్కడానికి ర్యాంపు.

నర్సీపట్నంలో ఇల్లు కట్టేటప్పుడు అరుగు ఎత్తుగా ఉండాలని ప్రతివాడూ పట్టుబడతాడు. బండి కొన్న మర్నాడు ఆ ఎత్తే అడ్డమొస్తుంది. అప్పుడు జోగులికి కబురొస్తుంది. అడుగున్నర ఎత్తయినా, రెండున్నర అడుగుల ఎత్తయినా, జోగులు ర్యాంపు పొడవు ఐదడుగులే. ఐదడుగులైతే వీధి కాలవ దాటదు, మున్సిపాలిటీ వాళ్లు అడగరు. ఆరిన మర్నాడు ఇంటివాళ్ల బండి తనే ఎక్కించి చూపిస్తాడు. ఫస్టు గేర్లో ర్రుమని ఎక్కితే పని పాసయినట్టే. ఇరవై ఏళ్లుగా అతనికి తెలిసిన పరీక్ష అదొక్కటే.

టైరు జారకుండా ఉండాలని అందరు మేస్త్రులూ ర్యాంపు మీద తాపీ అంచుతో అడ్డగీతలు గీస్తారు. జోగులు గీయడు. కొబ్బరి తాడు ఐమూలగా పరిచి, చెక్కతో అద్ది, తీసి, మళ్లీ అటు ఐమూలగా అద్దుతాడు. చీరమీద గళ్లలాగ వరసగా వచ్చేస్తాయి. ఆ తాడు ఎప్పుడో ఓసారి తెగితే ముడేశాడు. ముడి పడ్డచోట నాలుగు గళ్లకో గుంట, ఉసిరిగింజ నొక్కినట్టుగా పడుతుంది. కొత్త తాడు కొనుక్కోవచ్చు కదా అంటే నవ్వేవాడు. ఆ గుంట అతనికి ముచ్చట. ఊళ్లో ఏ వీధిలోంచి పోతున్నా ఏ గుమ్మం ముందు తన ముడి ఉందో ఓరకంట చూసుకుంటూ పోయేవాడు.

నలభై రోజులుగా చూసుకోవడం మానేశాడు.

"తాడేసీవా మరి? ఆరిపోతంది," అంది సోమలమ్మ. సిమెంటు మాలు కలిపి తట్టతో అందించే మనిషి. వయసు అరవై దాటింది. ముప్పై ఏళ్లుగా జోగులు ఎక్కడ పని చేస్తే అక్కడ ఆమె తట్ట ఉంటుంది. పక్కింటావిడ కూడాను.

జోగులు తాడు చేతిలోకి తీసుకుని ముడి మీద బొటనవేలు రాశాడు. తర్వాత పరిచాడు. చెక్క పెట్టి అద్దాడు.

కిటికీ లోపలినుంచి మాస్టారి తల్లి మహాలక్ష్మమ్మగారు చూస్తోంది. ఎనభై ఏళ్లావిడ. ఎదురుగా వాకరు పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. పొద్దున్న ఏడింటికి పని మొదలెట్టేటప్పుడు జోగులు ఆమెని చూసి, ఎన్నడూ లేనిది, మాస్టారిని ఓ మాట అడిగాడు.

"గోడవారంట ఇంకో పదడుగులు సాగదీద్దామాండి మాస్టారూ? పెద్దమ్మగారు ఆ వాకరట్టుకుని మెల్లగా దిగొచ్చీగలరు."

మన్మథరావు మాస్టారు హైస్కూల్లో లెక్కలు చెబుతారు. వాలూ ఎత్తూ బోర్డు మీద ఎన్నిసార్లు గీసి ఉంటారో. "పదిహేనడుగులా? మరి పూలకుండీలెక్కడ పెట్టుకోమంటావయ్యా? అమ్మకి బయటికొచ్చే పనేముంది చెప్పు. నా స్కూటీ ఎక్కితే చాలు," అన్నారు.

"అలాగేనండి," అన్నాడు జోగులు. ఐదడుగులకే కట్టాడు. కిటికీ వైపు మళ్లీ తల తిప్పలేదు.

"పోన్లే, అడగడం మట్టుకు అడిగినావు," అంది సోమలమ్మ తట్ట కడుగుతూ. "ఇంటికెల్లు. సెల్లి ఎల్లిపోతంటే ఆదివారం పూట నీకీ పనేటిరా జోగులూ?"

"నాలుగింటికి కదా పిన్నీ ఆటో."

"నీకు పనేటని అడిగినాను. ఆటో ఎప్పుడని కాదు."

జోగులు అంచులు సరిచెయ్యడం మొదలుపెట్టాడు. సరిచెయ్యడానికి అక్కడేమీ లేదు. ఈ పని రేపు చేసినా మాస్టారు ఏమనరు. నిన్న కావాలని ఒప్పుకున్నాడు. ఇంట్లో ఉంటే చెల్లెలి మొహం చూడాలి. చూస్తే చెప్పాలి. నలభై రోజులుగా చెప్పాలనుకుంటున్న మాట అది. ఇవాళ నాలుగింటిలోగా చెప్పకపోతే ఇంక ఎప్పటికీ చెప్పడు. తన సంగతి తనకి తెలుసు.

ఆ మాట ఇదీ.

కిందటి వేసవిలో కాంట్రాక్టరు రమేష్‌బాబు ఫోన్ చేశాడు. ఊరికి ఇరవై కిలోమీటర్ల అవతల ఓ సర్కారీ ఆఫీసు. ఏ శాఖదో ఇక్కడ అనవసరం, మెట్లు అన్ని శాఖలకీ ఉంటాయి. సోమవారం పైనుంచి ఎవరో చూడ్డానికొస్తున్నారు, రెండు రోజుల్లో ర్యాంపు లేపెయ్యాలన్నాడు. "ఏ బండికి బాబూ?" అని అడిగాడు జోగులు అలవాటు కొద్దీ. "బండికేటి మేస్త్రీ, వికలాంగులకి," అన్నాడు రమేష్‌బాబు.

ఆ మాట జోగులు స్పష్టంగా విన్నాడు. వినలేదని తనకి తాను చెప్పుకుందామని చాలాసార్లు చూశాడు గానీ, కుదరలేదు. విన్నాడు, సరేనన్నాడు, సోమలమ్మని తీసుకుని వెళ్లాడు, రెండున్నర అడుగుల ఎత్తుకి ఐదడుగుల ర్యాంపు కట్టాడు. తాడు అద్దాడు. మర్నాడు రమేష్‌బాబు బుల్లెట్టు మీద తనే కూర్చుని వరండాలోకి ఎక్కించి చూపించాడు. రమేష్‌బాబు భుజం తట్టాడు. ఫొటోలు తీసుకున్నారు. వికలాంగులకి అన్న మాట చెవిన పడ్డప్పుడు గానీ, కడుతున్న రెండు రోజుల్లో గానీ, ఒక్కసారంటే ఒక్కసారి ఇంట్లో ఉన్న చెల్లెలు అతనికి గుర్తు రాలేదు.

చెల్లెలు పుష్పవతికి నలభై ఏళ్లు. రెండో ఏట పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. ఇంట్లో చేతుల మీద జరుగుతూ తిరుగుతుంది. గచ్చు, మట్టి, రాళ్లు గుచ్చుకోకుండా రెండు చేతులకీ హవాయి చెప్పులు తొడుక్కుంటుంది. పట్టీల్లోంచి వేళ్లు దూర్చి అరిచేతులు చెప్పుల మీద ఆనించి ఒళ్లు ముందుకి జరుపుకుంటుంది. ప్రైవేటుగా పది కట్టింది, ఇంటరు కట్టింది, దూరవిద్యలో డిగ్రీ చేసింది. ఎన్నేళ్లు రాసిందో, ఎన్ని పరీక్షలు రాసిందో. దసరా వెళ్లాక వికలాంగుల కోటా బ్యాక్‌లాగ్ పోస్టుల్లో జూనియర్ అసిస్టెంటుగా ఆర్డరు వచ్చింది. ఆర్డరులో ఉన్నది ఆ ఆఫీసే.

పేరు చదవగానే అది తను ర్యాంపు కట్టిన ఆఫీసేనని జోగులికి తెలిసింది. అయినా నోరు విప్పలేదు. ర్యాంపుంది కదా, ఎక్కేస్తుందిలే అనుకున్నాడు.

చేరే రోజున పుష్పవతి గంధంరంగు చీర కట్టుకుంది. వదిన అప్పలలక్ష్మి చేతి చెప్పులు సంచిలో పెట్టబోతే వద్దంది. "ఉజ్జోగానికి ఎల్తూ సేతులకి సెప్పులేటి వదినా? కుర్సీ ఉంది కదా," అని నవ్వింది. క్యాంపులో ఇచ్చిన చక్రాల కుర్చీ అది. తాతబ్బాయి ఆటోలో వేసుకుని వెళ్లారు. కుర్చీలో కూర్చోబెట్టి జోగులే వెనకనుంచి తోశాడు. రెండడుగులు ఎక్కేసరికి కుర్చీ బరువు అతని గుండెల మీదికొచ్చింది. ముందు చక్రాలు గాల్లోకి లేచాయి.

"ఆపు అన్నియ్యా. ఎనక్కి తిరగబడిపోద్ది," అంది పుష్పవతి.

దింపేశాడు. ఇంకోసారి తోశాడు. మళ్లీ అదే. ఈలోగా వరండాలో జనం పోగయ్యారు. గుమాస్తాలు, పనుల మీద వచ్చిన రైతులు, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు. అటెండరు మత్స్యలింగం పరుగెత్తుకొచ్చాడు. పుష్పవతి ఒకసారి ఆ జనాన్ని చూసింది, ఒకసారి ర్యాంపుని చూసింది. కుర్చీలోంచి కిందికి దిగింది. కుచ్చిళ్లు బొడ్లో దోపుకుంది. ఉత్తి అరిచేతులు సిమెంటు మీద ఆనించి, ఒక్కో జానెడే జరుగుతూ, అందరూ చూస్తుండగా పైకెక్కింది. సగంలో ఒకసారి ఆగింది. అలిసిపోయి ఆగిందనుకున్నాడు జోగులు.

పైకెక్కాక గుమ్మం పక్కన కూర్చుని చేతులు దులుపుకుంది. అరిచేతులు దోక్కుపోయి ఎర్రగా ఉన్నాయి.

"ఇది ఎక్కడానికి కట్టింది కాదు మేడంగారూ, ఫొటోకి కట్టినారు," అన్నాడు మత్స్యలింగం నొచ్చుకుంటూ. "ఏ మేస్త్రి కట్టినాడో గాని, ఆడికి బండి తప్ప మనిషి తెలీదండి."

వరండా అంతా గొల్లున నవ్వింది. పుష్పవతి కూడా నవ్వింది. జోగులు కూడా నవ్వాడు. అందరికంటే కాస్త గట్టిగానే నవ్వాడు. నవ్వకపోతే దొరికిపోతాననుకున్నాడో ఏమో.

ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ అతనికి చెవులు వేడెక్కుతాయి. ఆరోజు అన్నం దగ్గర పుష్పవతి మామూలుగానే మాట్లాడింది. "రూలు ప్రకారం అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవుండాలట అన్నియ్యా. రెండున్నరకి ముప్పై అడుగులు," అంది చారు పోసుకుంటూ. జోగులు సగంలో చెయ్యి కడిగేసుకున్నాడు. మర్నాటినుంచి ఊళ్లో నడవడం కష్టమైపోయింది. ఏ వీధికెళ్లినా తన ర్యాంపులే. ఎత్తుని పన్నెండుతో హెచ్చించుకుంటూ, తల దించుకుంటూ నడిచాడు. చెల్లెలు రోజూ ఏడున్నరకి ఆటో ఎక్కేది. అక్కడ మత్స్యలింగం, ఇంకో గుమాస్తా కలిసి కుర్చీని ఎత్తి వరండాలో పెట్టేవారు. వాళ్లకి రోజూ దండం పెడుతున్నానని ఓసారి చెప్పింది. మెట్లులేని గది ఒకటి ఆఫీసుకి దగ్గర్లోనే దొరికిందని పోయిన వారం చెప్పింది. ఒంటరిగా ఎలా ఉంటావని అప్పలలక్ష్మి గోల పెట్టింది. జోగులు మాత్రం "మంచిదేలే" అన్నాడు. అలా అన్నందుకు కూడా తర్వాత సిగ్గుపడ్డాడు. చెల్లెలు వెళ్తోందన్న బాధకంటే, ఇంక ఎదురుగా కూర్చుని అన్నం తినక్కర్లేదన్న నిమ్మళం ముందొచ్చింది.

పన్నెండయింది. ర్యాంపు మీద తడిగోనె కప్పి, పనిముట్లు కడిగి, ఇంక అక్కడ ఉండడానికి సాకు లేక జోగులు టీవీఎస్ మోపెడ్ తీశాడు. సోమలమ్మ వెనక ఎక్కింది. అబీద్ సెంటర్ దాటారు.

"సెప్పీరా," అంది సోమలమ్మ వెనకనుంచి. "ఆ రోజు మాలు మోసింది నానే. నాకూ నిద్దర పట్టడం నేదు."

"సెప్తాను పిన్నీ."

"అప్పుడూ ఇలాగే అన్నావు."

ఎప్పుడో ఆమె చెప్పలేదు, అతను అడగలేదు. ఇద్దరికీ తెలిసిందే. జోగులికి పెళ్లిచూపులన్నప్పుడు పుష్పవతికి పదమూడేళ్లు. ఆడపిల్లవాళ్లు ఇల్లు చూడ్డానికొస్తున్నారు. పుష్పవతిని చూస్తే ఇంట్లో ఇదేదో జబ్బుందనుకుంటారని తల్లి భయపడింది. జోగులే చెల్లెల్ని వీపున ఎక్కించుకుని పక్కింట్లో సోమలమ్మ దగ్గర దింపాడు. "మల్లీ ఎప్పుడొస్తావు అన్నియ్యా?" అని అడిగిందా పిల్ల. "బేగి వొచ్చీస్తాను. అత్తోరోల్లకి తరవాత నానే సెప్పుకుంటాను," అన్నాడు. వాళ్లు భోంచేసి, పడుకుని లేచి, టీలు తాగి వెళ్లేసరికి దీపాలు పెట్టే వేళయింది. చెప్పుకోవడం మాత్రం చెప్పుకోలేదు. పెళ్లయి కాపురానికొచ్చిన మూడో రోజున, పెరటి వసారాలో చదువుకుంటున్న పిల్లని చూసి, ఎవరని అప్పలలక్ష్మే అడిగి తెలుసుకుంది.

అంతకు ముందు అయిదేళ్లపాటు రోజూ పొద్దున్న పనికెళ్లే ముందు చెల్లెల్ని వీపున మోసుకుని చిన్నబడికి తీసుకెళ్లింది కూడా ఈ జోగులే. అది దాచకూడదు. అప్పుడు ఆమె బరువు అతనికి తెలిసేది కాదు. మెడ చుట్టూ చేతులేసి ఎక్కాలు చదివేది. ఆరో తరగతికి హైస్కూలుకి వెళ్లాల్సొచ్చింది. హైస్కూలు దారిలో మేస్త్రులు పనికోసం నిలబడే సెంటరుంది. అక్కడ ఎవడో "ఏరా, పెళ్లికొడుకా, మూట దించవా?" అన్నాడు. ఆ వారంలోనే హైస్కూలు దూరమని ఇంట్లో చెప్పేశాడు. పుష్పవతి ఏడవలేదు. పుస్తకాలు ఇంటికి తెచ్చిపెట్టమని మాత్రం అడిగింది. అతను తెస్తానన్నాడు. ఆ తర్వాత ఆ పుస్తకాలూ, ఫీజు కట్టే కాగితాలూ, హాల్‌టికెట్లూ తెచ్చింది సంతకం కూడా రాని అప్పలలక్ష్మి.

ఇంటికెవరైనా వస్తే పుష్పవతి చేతి చెప్పులు తలుపు వెనక పెట్టాలి. అది జోగులు పెట్టిన పద్ధతి. గుమ్మం బయట అందరి చెప్పులతో పాటు ఉంటే ఎవరివని అడుగుతారు. ఇరవై ఏడేళ్లుగా అవి తలుపు వెనకే ఉన్నాయి.

ఇల్లు చేరేసరికి సామాను అరుగు మీదికొచ్చేసింది. ట్రంకుపెట్టె, పుస్తకాల అట్టపెట్టెలు మూడు, టేబుల్ ఫ్యాను, కుక్కరు, కొత్త చాప. జోగులు ఇంటి అరుగు అడుగున్నర ఎత్తు. మెట్ల పక్కనే ఐదడుగుల ర్యాంపుంది. ఆరేళ్ల కిందట టీవీఎస్ కొన్న వారంలో టీవీఎస్ కోసమే కట్టుకున్నాడు. అంతకు ముందు ముప్పై ఏళ్లు పుష్పవతి మూడు మెట్లు చేతుల మీద దిగి, ఎక్కి తిరిగింది. ర్యాంపు కట్టాక దాని మీదనుంచి తిరుగుతోంది. తన కోసం కట్టలేదని ఆమెకి తెలుసు. రోజూ తెల్లారి దాని మీద కూర్చుని కింద ముగ్గేస్తుంది. తాడు గళ్లలోకి దూరిన పిండిని ఉత్తి వేళ్లతో గీరి తీసి శుభ్రం చేస్తుంది.

అన్నాలు తిన్నారు. అప్పలలక్ష్మి ములక్కాడ పులుసు పెట్టింది. ఆవకాయ సీసాకి రెండు ప్లాస్టిక్ కవర్లు చుట్టింది. ఏడవకూడదని గట్టిగా గట్టిగా మాట్లాడుతోంది. "కుక్కరు మూత తియ్యడం నీకు రాదు. విజిలు దిగేదాకా ఉండు. వినపడతందా?" అంటోంది. పుష్పవతి "మూడు వేల జీవోలు సదివినాను వదినా, కుక్కరు మూతకి ఫెయిలవుతానేటి?" అని నవ్విస్తోంది. ఆ నవ్వులోకి జోగులు వెళ్లలేకపోయాడు. కంచం వైపే చూస్తూ తిన్నాడు.

మూడున్నరకి తాతబ్బాయి ఆటో వచ్చింది. పెట్టె ఎక్కించారు. పుస్తకాలు ఎక్కించారు. చక్రాల కుర్చీని మడిచి పైన తాడుతో కట్టారు. కట్టింది జోగులే. అప్పలలక్ష్మి ఇంకేదో మర్చిపోయానని లోపలికెళ్లింది. తాతబ్బాయి అటువైపు టైరు చూసుకుంటున్నాడు. పుష్పవతి చేతులకి చెప్పులు తొడుక్కుని అరుగు అంచున కూర్చుంది. ఇంతకంటే మంచి సమయం దొరకదు. జోగులు దగ్గరికెళ్లి నిలబడ్డాడు.

"పుష్పా."

"ఏటన్నియ్యా?"

మాట గొంతుదాకా వచ్చింది. తీరా నోరు తెరిస్తే ఇంకోటి వచ్చింది. "ఆ ఆఫీసు కాడ ర్యాంపు... జాగర్తమ్మా."

పుష్పవతి కాసేపు అతని మొహం చూసింది. "అది ఉండదులే. వచ్చే ఆదివారం పగలగొట్టీస్తన్నారు. చేరిన రెండో రోజునే నోటు రాసి పెట్టినాను. నా మొదటి ఫైలు అదే. ఆర్డరొచ్చీసింది. ముప్పై అడుగులు, మధ్యలో మలుపు, పక్కన పట్టుకోడానికి కమ్మీ."

"ఎవులు కడతన్నారు?"

"కొండన్న మేస్త్రి."

కొండన్న నిన్నగాక మొన్న తాపీ పట్టినవాడు. "నన్నడిగితే నాను కట్టనేటి?" అన్నాడు జోగులు.

"ఇప్పుడున్నదాన్ని కట్టింది నువ్వే కదా," అంది పుష్పవతి.

కోపంగా అనలేదు. ఆఫీసులో ఎవరికో పేరు చదివి వినిపించినట్టు అంది. జోగులు అరుగు రాయి పట్టుకున్నాడు.

"ఎవులు సెప్పినారు? సోమలమ్మ పిన్నా?"

"ఎవరూ సెప్పలేదు. ఆ రోజు ఉత్తి సేతుల్తో ఎక్కినాను కదా. సగం ఎక్కేసరికి అరిచేతి కింద ముడి తగిలింది. నాలుగు గళ్లు జరిగితే మల్లీ తగిలింది. రోజూ ముగ్గుపిండి గీరి తీస్తాను, నాకు తెలీదేటి అది?"

అలిసిపోయి కాదు ఆమె సగంలో ఆగింది.

"మరి అప్పుడే అడగలేదేటే?" అన్నాడు.

"నువ్వు సెప్తావని సూసినాను. నలబై రోజులు సూసినాను." పుష్పవతి చేతి చెప్పు పట్టీ సర్దుకుంది. "కట్టినందుకు నాకు కోపం లేదు అన్నియ్యా. బండికి కట్టడమే నీకు తెలుసు, నువ్వదే కట్టినావు. ఆళ్లందరితో పాటు నువ్వూ నవ్వినావు. అదొక్కటీ మింగలేకపోతన్నాను."

తప్పయిపోయిందనడానికి జోగులికి నోరు రాలేదు. చెల్లెలితో ఆ మాట జన్మలో అనలేదు, ఎలా అంటారో కూడా తెలియదు. తెలిసింది ఒకటే. ర్యాంపు పక్కన, చిన్నప్పుడు బడికి తీసుకెళ్లేటప్పటిలాగ, ఆమెకి వీపు తిప్పి గొంతుక్కూర్చున్నాడు. చేతులు వెనక్కి చాపాడు. ఆటోదాకా మోస్తానని.

వెనకనుంచి ఎంతసేపటికీ బరువు పడలేదు. ఓ చెయ్యి మాత్రం చెప్పు విడిచి వచ్చి భుజం మీద ఆనింది. ఆ అరిచెయ్యి తన చేతికంటే మొరటుగా ఉందని అప్పుడు తెలిసిందతనికి.

"లెగన్నియ్యా. మోసేటప్పుడు బానే మోసినావు. ఇప్పుడు నాను ఎల్లగలను," అంది.

ర్యాంపు మీదనుంచి చేతుల మీద దిగింది. ఆటో కమ్మీ పట్టుకుని ఒక్క ఊపున సీటు మీదికి చేరింది. అప్పలలక్ష్మి ఉత్తి చేతులతోనే బయటికొచ్చింది. మర్చిపోయిందేమీ లేదు, మొహం కడుక్కోడానికి వెళ్లింది. ఆటో లోపలికి వంగి ఆడపడుచు బుగ్గలు పట్టుకుని ఏదో చెప్పింది. అటుపక్క అరుగు మీదనుంచి సోమలమ్మ చెయ్యి ఊపింది. పుష్పవతి చేతులకున్న చెప్పులు ఒక్కొక్కటే విడిచింది. కిందికి వంగి, ఎవరింటికైనా వెళ్లినవాళ్లు గుమ్మం బయట విడిచినట్టు, ర్యాంపు మొదట్లో పక్కపక్కన పెట్టింది.

"సెప్పులు మరిసిపోతన్నారండి," అన్నాడు తాతబ్బాయి.

"మరిసిపోలేదు. నాకింకో జతుంది. పోనీ బాబూ, బేగి పోనీ. సీకటడకముందే సామాను సర్దుకోవాలి."

ఆటో కదిలింది. వీధి మలుపు దాకా పైన కట్టిన కుర్చీ చక్రం ఒకటి మెల్లగా తిరుగుతూ కనబడింది. తర్వాత చప్పుడు మిగిలింది, అదీ పోయింది. అప్పలలక్ష్మి లోపలికెళ్లిపోయింది. సోమలమ్మ ఇటు చూసి, తనూ లోపలికెళ్లింది.

జోగులు ఒక్కడే ర్యాంపు దగ్గర నిలబడ్డాడు. వీధి చివరనుంచి ఎవరో ఇద్దరు మాట్లాడుకుంటూ ఇటే వస్తున్నారు. అలవాటు కొద్దీ అతను వంగాడు, వాళ్లు చూడకముందే చెప్పులు తీసి తలుపు వెనక పెట్టేద్దామని. చెయ్యి పట్టీ దాకా వెళ్లి ఆగిపోయింది. కాసేపు అలాగే వంగి ఉండి, లేచి, రెండడుగులు వెనక్కి జరిగాడు. వస్తున్నవాళ్లు వచ్చారు, చూశారు, వెళ్లిపోయారు.

వీధంతటికీ కనబడేలా ర్యాంపు మొదట్లో నీలం పట్టీల హవాయి చెప్పుల జత ఉంది, మడమల దగ్గర ఇంకా కొత్తగానే, నడిమధ్యన మాత్రం రెండు అరిచేతుల మేర అరిగిపోయి.